అరువు వెళ్లొచ్చిన ముక్కలు

మా మనవరాలు మొన్న నా టారో ముక్కల పెట్టె అడిగింది. తనకు కాదట, తనతో పాటు పనిచేసే పిల్లకట. రెండు రోజులు ఉంచుకుని భద్రంగా తిరిగి ఇచ్చేస్తుందట. ఇవ్వనన్నాను.

"అట్టముక్కలే కదా అమ్మమ్మా, అరిగిపోతాయా?" అంది.

అరగవు. పళ్లు తోముకునే బ్రష్షు కూడా రెండు రోజులకు అరగదు. అలాగని ఎవరికైనా ఇస్తామా అన్నాను. ఆ మాట దానికి నచ్చలేదు. మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. వెళ్లనీ. నేనూ ఒకసారి ఇచ్చినదాన్నే. ఇచ్చిన పాపానికి ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ మనిషి ఎక్కడో లేదు, నేను పనిచేసే చోటే నాకు పదడుగుల దూరంలో నిలబడి ఉంది.

టారో ముక్కలంటే తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతాను. పేకముక్కల్లాంటివే, కాస్త పొడుగ్గా ఉంటాయి. మొత్తం డెబ్బై ఎనిమిది. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. మనసులో ఏదైనా సంశయం ఉన్నవాళ్లు కట్టలోంచి ముక్క తీస్తారు, దాన్ని పట్టుకుని మనం నాలుగు మాటలు చెబుతాం. నేను ఇరవై ఆరేళ్లు ఆసుపత్రి లాండ్రీలో పనిచేశాను. మొదట్లో ఉతికిన దుప్పట్లు వార్డులకు మోసుకెళ్లడం నా పని. తుంటి విరిగి ఆరు నెలలు మంచం మీదున్న ఒక పెద్దావిడ, నేను దుప్పటి మార్చే ఆ పది నిమిషాల్లో రోజుకో ముక్క చూపించి దాని సంగతి చెప్పేది. అలా మొత్తం కట్ట నేర్పింది. ఇంటికి వెళ్లే రోజున పెట్టె నా చేతిలో పెట్టి, "ఎవరికీ ఇవ్వకు" అంది.

"ఎందుకండీ, దాని మహిమ పోతుందా?" అన్నాను.

"మహిమ సంగతి నాకు తెలియదు. జనం శుభ్రంగా ఉండరు" అంది.

నాది మూడో తరగతి చదువు. ముక్కల కింద పరాయి భాషలో ఏం రాసి ఉందో ఇప్పటికీ చదవలేను. నేను పెట్టుకున్న పేర్లే నాకు పేర్లు. అస్థిపంజరం గుర్రమెక్కి వచ్చే ముక్క ఎముకల రౌతు. పిడుగుపడి కూలేది కూలే మేడ. రెండు చేతులతో రెండు కుండలు పట్టుకుని చెరువులోకి నీళ్లు ఒంపే అమ్మాయి రెండు కుండల పిల్ల. నా దగ్గర కూర్చోవాలంటే చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని కూర్చోవాలి. కలపడం నేను, తీయడం వాళ్లు. ఆ ముక్కలు నిజం చెబుతాయా అని అడిగేవాళ్లకు నేను ఒకటే చెప్పేదాన్ని. మంచీ చెడ్డా రెండూ కట్టలో ఉంటాయి, ఏది వస్తుందో నాకూ తెలియదు, వచ్చినదాన్ని చూసి మీలో మీరు ఒకసారి తొంగి చూసుకోండి, అంతవరకే దాని పని అని.

కొన్నేళ్లకు నన్ను లాండ్రీలో మాసిన బట్టల గదికి పెద్దను చేశారు. వార్డుల నుంచి మూటలు వస్తాయి. విప్పి, ఏది వేడినీళ్లకు, ఏది చన్నీళ్లకు, ఏది మందునీళ్లలో నానబెట్టాలో విడదీయాలి. మరక తెలియకపోతే ఆ పని చేయలేం. రక్తం మీద వేడినీళ్లు పోస్తే ఇక చచ్చినా పోదు. టీ మరక అంచు గట్టిగా ఉంటుంది, మందు మరక అంచు పారాడుతుంది, పుండు రసి మరక నడుమ పల్చగా, చుట్టూ పసుపు గీత గీసినట్టు ఉంటుంది, ఎండితే అట్ట కడుతుంది. ఏ మంచం దుప్పటో చెప్పకుండా ఇచ్చినా, ఆ మంచం మీది మనిషికి ఏమైందో సగం చెప్పేదాన్ని.

మా తోటికోడలు, అంటే మా మరిది భార్య, రెండు కుర్చీల బ్యూటీ పార్లర్ నడుపుతుంది. జుట్టుకు రంగులు వేయడం, మొహాలకు పూతలు పూయడం. మంచి మాటకారి. గోడతో కూడా గంటసేపు మాట్లాడగలదు, గోడ చేత ఊఁ కొట్టించుకోగలదు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి కూర్చుంది.

"అక్కా, నీ ముక్కల పెట్టె ఓ పదిరోజులు ఇవ్వవా?"

"నీకెందుకే? అందులో పది బొమ్మల పేర్లు కూడా రావు నీకు."

"చిన్న పుస్తకం కొన్నాలే. రంగు వేయించుకుని ముప్పావుగంట కూర్చుంటారు కదా, పాపం గోడకేసి చూస్తూ. కాస్త కాలక్షేపంగా ఉంటుంది."

"అయితే కొత్తవి కొనుక్కో."

"కొత్తవి ఎవరు నమ్ముతారక్కా? ఫలానా ఆసుపత్రి లాండ్రీ పెద్దమ్మ ముక్కలు అంటే ఆ విలువే వేరు. మా వీధిలో కూడా నీ పేరు చెబుతారు, తెలుసా?"

అక్కడ పడ్డాను. అబద్ధమెందుకు, ఆ మాటకు లోపల్లోపల పొంగిపోయాను. పక్క వీధిలో కూడా నా పేరు చెబుతున్నారని విన్నాక పెద్దావిడ మాట ఎక్కడ గుర్తుంటుంది. రంగు చేతులతో ముట్టుకోవద్దు, వచ్చినవాళ్ల చేత చేతులు కడిగించు, ఎవరి ఇంటికీ పంపకు అని మూడు జాగ్రత్తలు చెప్పి ఇచ్చాను.

"నేనేమైనా చిన్నపిల్లనా?" అంది.

పది రోజులన్నది పాతిక రోజులైంది. రెండుసార్లు కబురు పెడితే గానీ రాలేదు. చెక్క పెట్టె లేదు. మూత విరిగిందట. ముక్కల్ని ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి రబ్బరు బ్యాండు బిగించి తెచ్చింది. ఆ బ్యాండుకు ఎవరివో నాలుగు పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. బల్ల మీద పెట్టి, "కస్టమర్లు ఎదురుచూస్తున్నారక్కా" అని కూర్చోకుండా వెళ్లిపోయింది.

కిటికీ పక్కన పాత పేపరు పరిచి, సంచి విప్పాను. ముందు వాసన వచ్చింది. తలరంగు ఘాటు, దాని కింద కొబ్బరినూనె, ఆ కింద ఇంకేదో. పై ముక్కను తీస్తే కిందిది కూడా అంటుకుని వచ్చింది. లాగితే చప్పుడైంది, పుండు మీద పట్టీ లాగినప్పుడు వచ్చే చప్పుడు. ఒకదాని మీద నల్లటి బొటనవేలి ముద్ర. ఒకదాని మీద ఏదో తిని తుడుచుకున్న జిడ్డు, ఆ జిడ్డులో రెండు మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. ఇంకొకదాని మూల మీద పళ్ల గాట్లు. ఎవరో ఆలోచిస్తూ నమిలి ఉంటారు. మొహానికి రాసే ఆకుపచ్చ పూత ఎండి, పొలుసులు పొలుసులుగా పేపరు మీద రాలింది. ఒక ముక్క అంచుతో ఎవరో గోళ్ల సందులో మురికి తీసుకున్నారు. అది తెలియకుండా ఎలా ఉంటుంది, ఆ మురికి అక్కడే గీతలా ఉంటే.

ఇరవై ఆరేళ్లు జనం మంచాల మీది మురికి ముట్టుకున్నదాన్ని. నాకు మురికంటే భయం లేదు. రోగమొచ్చి పడుకున్న మనిషి దుప్పటి పాడు చేసుకుంటే అందులో అసహ్యపడాల్సింది ఏమీ లేదు. కానీ ఇది అలాంటిది కాదు. ఒళ్లు బాగున్నవాళ్లు, నవ్వుకుంటూ, నాకేమిటిలే అని పూసిన మురికి.

సగం అయ్యాక రెండు కుండల పిల్ల వచ్చింది. ముందు అదేమిటో పోల్చుకోలేదు. అట్ట ఉబ్బి, వంగి, మరో రెండు ముక్కల మందం అయింది. అమ్మాయి మొహం లేదు. ఆమె ఒంపే నీళ్ల మీదుగా పసుపు గీత ఒక చుట్టు, దాని బయట ఇంకో చుట్టు, దాని బయట మరొకటి. అంటే ఒక్కసారే తడిసి ఎండింది కాదు. తడిసి, ఎండి, మళ్లీ తడిసి, మళ్లీ ఎండింది. రోజుల తరబడి. నడుమ గోధుమరంగు పెచ్చు. దాన్ని వాసన చూడాల్సిన అవసరం లేదు. అయినా చూశాను, అలవాటు కదా. ఆ తర్వాత వెళ్లి చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని, కొళాయి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అది పుండు రసి. కత్తి తగిలిన గాయానిదీ కాదు, కాలిన గాయానిదీ కాదు. ఆడవాళ్ల ఆపరేషన్ వార్డు నుంచి, ఆలస్యంగా వచ్చి చేరినవాళ్ల మంచాల నుంచి వచ్చే దుప్పట్ల మీద ఉండే మరక. ఆ కంపు వేరు. ఒకసారి ముక్కుకు తెలిస్తే ఇక మరిచిపోదు.

మళ్లీ వచ్చి కూర్చున్నాను. మురికివి ఒకవైపు వేస్తూ పోతుంటే, తొమ్మిది ముక్కలు మాత్రం నేను ఇచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మచ్చ లేదు. ఎముకల రౌతు, కూలే మేడ, కొమ్ములవాడు, గుండెలో మూడు కత్తులు, వీపున పది కత్తులు, ఇలా అన్నీ జనం చూడగానే ఉలిక్కిపడేవే. అరవై తొమ్మిది ముక్కలు పాతిక రోజులు ఊరందరి చేతుల్లో నలిగితే, ఈ తొమ్మిదికి వేలు కూడా తగల్లేదు. అంటే వీటిని మొదటి రోజే తీసి దాచేసి, ఇచ్చేటప్పుడు మళ్లీ కలిపింది.

ఇక నాకు అర్థం కావాల్సింది ఏమీ మిగల్లేదు. ఒంట్లో పుండు పెట్టుకుని ఎవరో ఒక ఆడమనిషి ఏం చేయనని అడగడానికి వచ్చింది. చెడ్డ ముక్క ఒక్కటి కూడా లేని కట్ట ఆమె ముందు పెట్టారు. అందులోంచి ఏది తీసినా మంచే వస్తుంది. ఆ మంచి మాట పట్టుకుని ఆమె ఎక్కడో కూర్చుని కుళ్లిపోతోంది.

ఆ ముక్కను రెండు కాగితాల మధ్య పెట్టి పట్టుకుని నేరుగా పార్లర్‌కు వెళ్లాను. ఒకావిడ తలకు రంగు పట్టించి ఉంది, కళ్లు మూసుకుని కూర్చుంది. మా తోటికోడలు గిన్నెలో ఏదో కలుపుతోంది.

"ఏంటక్కా అలా పట్టుకొచ్చావు, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు?"

"ఎలుకైతే ఇంత కంపు కొట్టదు. ఆ తొమ్మిది ముక్కలూ ఎందుకు తీసేశావు?"

"తీయకేం చేయను? సగం రంగుతో కూర్చున్న మనిషికి ఆ ఎముకల వాడు వస్తే లేచి పారిపోదూ? మంచికే కదా తీశాను. నలుగురికీ ధైర్యం చెప్పడం తప్పా?"

"ఇది ఎవరి ఒంటి మీద పెట్టావు?"

గరిటె తిప్పడం ఆపింది. కుర్చీలోని ఆవిడ ఒక కన్ను తెరిచింది. నన్ను చేయి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పింది.

"చిన్న గడ్డక్కా. రొమ్ము పక్కన. ఎవరో నర్సు చూసి కోయించుకోమందట. బెదిరిపోయి వచ్చింది పాపం. ముక్క తీయమంటే ఈ పిల్ల వచ్చింది. పుస్తకంలో స్వస్థత అని ఉంది. అందుకే పసరు ముద్ద పెట్టి, దాని మీద ఈ ముక్క బోర్లించి కట్టుకోమన్నాను. ఆ పిల్ల నీళ్లు ఒంపుతోంది కదా, లోపలిది అలా లాగేస్తుందని."

"లాగేస్తుందని పుస్తకంలో ఉందా?"

"లేదు. నాకే తట్టింది." ఆ మాట అంటున్నప్పుడు దాని మొహంలో సిగ్గు లేదు సరికదా, కాస్త గర్వం ఉంది.

"ఏం పసరు?"

"మొహానికి వేసేదే. ఇంకో రెండు ఆకులు కలిపాను. అది చితికి రసి కారితే, మంచిదే, చెడు బయటికి పోతోంది అని చెప్పాను."

గూట్లో ఆ గిన్నె ఉంది. అంచుల చుట్టూ ఎండిన పచ్చటి పెచ్చు, అందులో కూరుకుపోయిన కుంచె, కుంచెకు వెంట్రుకలు. అదే కుంచెతో ముందు గదిలో మొహాలకు పూస్తుంది. నాకు కూర్చోవాలనిపించింది, కానీ ఆ గదిలో ఉన్న స్టూలు మీద కూర్చోబుద్ధి కాలేదు.

"ఎవరే ఆవిడ?"

"చెప్పకూడదక్కా. నమ్మి వచ్చిన వాళ్ల పేర్లు బయటపెట్టడం ఈ వృత్తికి తగదు."

"పాతిక రోజులకే వృత్తి అయిందా నీకు? ఆవిడ నిన్ను నమ్మి రాలేదే. నన్ను నమ్మి వచ్చింది."

"అదే కదా, ఆ నమ్మకం ఎందుకు చెడగొట్టడం?" అంది.

ఇక నోరు విప్పలేదు. ఎంత అడిగినా నవ్వుతూ మాట మార్చింది. ఆ నవ్వు మీద చేయి లేచేదే, చేతిలో ఆ ముక్క ఉంది కాబట్టి ఆగాను. బయటికి వచ్చి వీధిలో ఎండ పడుతున్న చోట నిలబడి ముక్కను తిరగేశాను. వెనక వైపు మూల మీద వేలి ముద్ర ఉంది. తలరంగు అనుకున్నాను ఇంతసేపూ. ఎండలో చూస్తే నలుపు కాదు, నీలం. తలరంగులో ఆ నీలం రాదు. తెల్లబట్టలకు పెట్టే నీలిమందులో వస్తుంది. రోజూ దానిలో చేతులు పెట్టేవాళ్ల వేళ్ల గీతల్లో నెలల తరబడి ఉండిపోతుంది.

మా లాండ్రీలో నీలిమందు పెట్టే మనిషి ఒక్కతే. డాక్టర్ల కోట్లకు నీలిమందు, గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. కోటు నిలబెడితే నిలబడేంత గంజి పెడుతుందని దాన్ని అందరం గంజమ్మ అనేవాళ్లం. నోట్లో నాలుక లేని మనిషి. నలభై రోజులుగా భుజం పట్టేసిందని ఎడమ చేత్తో ఇస్త్రీ పెట్టె తోస్తోంది. ఆవిర్లు కమ్మే ఆ గదిలో శాలువా కప్పుకుని తిరుగుతోంది. దగ్గరికి వస్తే కర్పూరం తైలం వాసన. ఎక్కడెక్కడి దుప్పట్లో చూసి రోగం చెప్పే నేను, పదడుగుల దూరంలో ఉన్న మనిషిని నలభై రోజులు చూడలేదు. ఆ రోజు నాకు అన్నింటికన్నా ఎక్కువ రోత పుట్టింది దీని మీదే.

మర్నాడు పని మొదలు కాకముందే దాన్ని బొత్తాలు కుట్టే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను.

"శాలువా తియ్యి."

"చలిగా ఉంది వదినా."

"ఈ కొంపలో బాయిలరు పక్కన నీకు చలేంటే? తియ్యి."

తీసింది. చొక్కా బొత్తాలు నేనే విప్పాను. లోపల గుడ్డ పట్టీ, దాని కింద పచ్చటి ముద్ద, ఆ ముద్ద కింద ఏముందో పూర్తిగా చెప్పను. పసరుకు చర్మం ఊడిపోయి, గడ్డ పగిలి ఉందని మాత్రం చెబుతాను. మూటల గదిలో ఎన్ని చూసినా, అవి బట్టల మీద చూశాను, మనిషి మీద కాదు. పైగా ఆ పుండు మీద పొడుగ్గా, నాలుగు మూలలూ తెలిసేట్టు, నా ముక్క అచ్చు పడి ఉంది.

"ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలేదే?"

అది నా వైపు వింతగా చూసింది. "నీకు తెలుసు కదా వదినా. నా కోసమే ముక్కలు పంపావని మీ తోటికోడలు చెప్పింది. ఇక్కడ అందరి ముందూ అడగొద్దు, తెలియనట్టే ఉండమని నువ్వే చెప్పావంది. నువ్వు రోజూ నన్ను చూసి ఏమీ అనకపోతే, అంతా బాగానే నడుస్తోందనుకున్నాను."

పట్టీ మళ్లీ దాని మీద కప్పాను. "పద, డాక్టరమ్మ దగ్గరికి. నాలుగు అడుగుల దూరం" అన్నాను.

"కోస్తారు."

"కోస్తారు. కోయాలి."

"మా అమ్మ ఆ బల్ల ఎక్కింది వదినా. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. దిగలేదు." మళ్లీ తనే అంది, "ఇలా చేద్దాం. నీ చేత్తో నువ్వు ఒక్కసారి ముక్క తీయించు. వెళ్లమని వస్తే ఇప్పుడే వస్తాను. ఒట్టు."

కట్ట నా సంచిలోనే ఉంది. ముందురోజు సాయంత్రం దూదీ స్పిరిటూ పెట్టి తుడవగలిగినన్ని తుడిచి తెచ్చాను. నేను కలిపితే ఏ ముక్క కావాలంటే ఆ ముక్క పైకి తెప్పించగలను, అన్నేళ్ల చేయి. కూలే మేడను పైన పెట్టి, చూడవే, ఇప్పుడు వెళ్లకపోతే ఇంతే అంటే, పరుగెత్తుకు వస్తుంది. చేయి సంచిలోకి వెళ్లింది కూడా. మంచికే కదా అనుకున్నాను. అనుకోగానే ఆ మాట నిన్న ఎక్కడ విన్నానో తెలిసింది. మాసిన గిన్నె పక్కన విన్నాను. చేయి వెనక్కి తీసుకున్నాను.

"ముక్క తీయను" అన్నాను. "నేను నీకు ముక్కలు పంపలేదు. అదంతా అబద్ధం. నువ్వు తీసిన కట్టలో చెడ్డవి ముందే తీసేశారు. నువ్వు కళ్లు మూసుకుని తీసినా మంచిదే వచ్చేది. మీ ఇంటి పిల్లి తీసినా మంచిదే వచ్చేది."

అది నమ్మలేదు. అందుకని కాగితాల మధ్యనుంచి రెండు కుండల పిల్లను తీసి బల్ల మీద పెట్టాను.

"బొమ్మ వదిలెయ్. మరక చూడు. ఇది నువ్వు ముట్టుకునేది కాదు, నీ దగ్గరికి ఉతికినవే వస్తాయి. నా దగ్గరికి మాసినవి వస్తాయి. ఈ మరకతో దుప్పట్లు ఇన్నేళ్లుగా చూస్తున్నాను. కోయించుకున్నవాళ్ల మంచం దుప్పటి మీద ఇది పది రోజులు ఉంటుంది, తర్వాత పల్చబడుతుంది, తర్వాత ఉండదు. కోయించుకోనివాళ్ల దుప్పటి మీద రోజురోజుకూ పెద్దదవుతుంది. ఒకరోజు ఆ మంచం దుప్పటి రాదు, పరుపే కాల్చడానికి వస్తుంది. కోయించుకుని కూడా పోయినవాళ్లు ఉన్నారు, లేరని చెప్పను. కానీ కోయించుకోకుండా బాగైన దుప్పటి ఒక్కటి కూడా నేను చూడలేదు."

అది చాలాసేపు ఆ మరక వైపే చూసింది. వేలితో గీతలు లెక్కపెట్టబోయి, ముట్టుకోకుండా ఆగింది. "మూడు చుట్లు" అంది. తర్వాత శాలువా మడిచి అక్కడే వదిలేసి చొక్కా బొత్తాలు పెట్టుకుంది.

డాక్టరమ్మ పట్టీ విప్పి చూసి, చేతి తొడుగులు మార్చుకుంది. మళ్లీ చూసింది.

"ఇది ఎన్నాళ్లుగా ఉంది? ఈ పూత ఎవరు వేయమన్నారమ్మా?"

"ఎవరూ లేరండి. నేనే" అంది గంజమ్మ, నా వైపు చూడకుండా. నన్ను కాపాడుతోంది. ఆ స్థితిలో ఉండి, నా పరువు కాపాడుతోంది.

"నా ముక్కలు చెప్పాయండి" అన్నాను.

"ఏం ముక్కలు?"

చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, నా పేరు పక్క వీధిలో కూడా చెబుతారని పొంగిపోయిన సంగతితో సహా. ఆ గదిలో నర్సులు ఇద్దరు ఉన్నారు, ఒకామెకు నేనే రెండుసార్లు ముక్కలు చూశాను. ఆమె నేల చూపులు చూసింది. డాక్టరమ్మ పట్టకారుతో ఆ ముక్కను పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కాల్చేవాటిని వేసే పసుపు డబ్బాలో పడేసింది.

"నర్సు చెప్పినప్పుడే వచ్చి ఉంటే వేలెడంత తీసేవాళ్లం. ఇప్పుడు మొత్తం తీయాలి. తర్వాత ఏడాది మందులు. చేయి పైకి లేవడానికి చాలా కాలం పడుతుంది" అంది. "అయినా బతికే అవకాశం ఉంది. ఇంకో నెల ఆగితే అది కూడా చెప్పేదాన్ని కాదు."

నాలుగో రోజు ఆపరేషన్ అయింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. గంజమ్మ బల్ల దిగింది. నాలుగు గంటలు పట్టింది కానీ దిగింది. వారానికి లేచి కూర్చుని, నా కోట్లకు ఇప్పుడు ఎవరు గంజి పెడుతున్నారు, గుడ్డలు వేలాడుతున్నాయి అని సణగడం మొదలుపెట్టింది. ఆ సణుగుడు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నమే మా తోటికోడలు వచ్చింది. కొత్త బట్టలు, చేతిలో పళ్ల బుట్ట. తలుపు దగ్గర నుంచే పలకరిస్తూ, అన్ని మంచాల వాళ్లకూ తలా ఒక పండు ఇస్తూ వచ్చింది. గంజమ్మ మంచం అంచున కూర్చుని, వార్డంతా వినబడేట్టు అంది.

"చూశావా అక్కా. అనవసరంగా నా మీద అరిచావు. ఆ పిల్ల బొమ్మ వచ్చినప్పుడే స్వస్థత అని చెప్పానా లేదా? అయిందా లేదా?"

గంజమ్మ ఏమైనా అంటుందేమోనని చూశాను. అది పట్టీల మధ్య నుంచి నా వైపు తిరిగి, మెల్లగా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "వదినా, కొంత దాని వల్ల కూడా అయి ఉంటుందంటావా?"

పక్క మంచం ఆవిడ అప్పటికే మోచేతి మీద లేచింది. ఇంకో రెండు రోజుల్లో ఆవిడకు ఆపరేషన్. పండు కొరుకుతూ, "ఆ ముక్కలు మీవేనా అండీ? ఒక్క పూట ఇస్తారా, దిండు కింద పెట్టుకుని ఇచ్చేస్తాను" అంది.

ఊరికే ఇవ్వను అంటే ఎందుకని అడుగుతుంది. అందుకని ఆవిడ మంచం దగ్గరికి వెళ్లి, ఆ ముక్కలు ఎలా తిరిగొచ్చాయో చెప్పాను. రబ్బరు బ్యాండుకు వెంట్రుకల దగ్గర నుంచి, జిడ్డులో మెతుకులు, గోళ్ల మురికి, పచ్చటి పెచ్చులు, పసుపు గీతలు, ఒక్కోదాని వాసనతో సహా, ఏదీ వదలకుండా, తొందరపడకుండా చెప్పాను. పసరు ఏ గిన్నెలోదో, ఆ గిన్నెలో కుంచె దేనికి వాడతారో కూడా చెప్పాను. అవతలి మంచాల వాళ్లు ఒక్కొక్కరే పండు తినడం ఆపారు. గంజమ్మ కళ్లు మూసుకుంది, కానీ వింటోంది. పక్క మంచం ఆవిడ తన పండును కాగితంలో చుట్టి మంచం కింది బకెట్లో వేసి, పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"అబ్బ, తినేటప్పుడా అక్కా ఈ మాటలు" అంది మా తోటికోడలు. అని, తన చేతిలో ఉన్నది తినేసి, వేళ్లు నాక్కుని, బుట్టలోంచి ఇంకొకటి తీసుకుంది.